398 రూపాయల పంతుళ్లు

1980ల నడుమ ఎన్టీఆర్ ప్రభుత్వం బడుల్లో స్పెషల్ టీచర్లను పెట్టింది. జీతం నెలకు 398 రూపాయలు, అంటే రోజుకు పదమూడు రూపాయల పైచిలుకు. పక్క తరగతిలో పాఠం చెప్పే రెగ్యులర్ టీచరుకు స్కేలు, డీఏ, ఇంక్రిమెంట్లు. వీళ్లకు అవేవీ లేవు. పిల్లలు మాత్రం ఇద్దరినీ 'సార్' అనే పిలిచారు.

ఆ తర్వాత రెగ్యులరయ్యారు గానీ, 398 కాలం సర్వీసులో కలుస్తుందా లేదా అన్న పేచీ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి దక్కినవి నోషనల్ ఇంక్రిమెంట్లు. కాగితం మీద ఏళ్లు లెక్కకొస్తాయి, పాత బకాయి చేతికి రాదు. సర్కారు లెక్కల్లో ఇంతకన్నా గడుసు మాట అరుదు.

గోడు చెప్పుకునే చోటూ ఆ రోజుల్లోనే పోయింది. శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులవి. 1985లో మండలే రద్దయి, 2007లో గానీ తిరిగి రాలేదు. వచ్చినా ఓటు హైస్కూలు స్థాయి, ఆపై వారికే. అక్షరాలు దిద్దించే ప్రాథమిక పాఠశాల టీచరుకు రాజ్యాంగం 171వ అధికరణం ఆ హక్కు ఇవ్వలేదు. ఇది ఎంత వింతో ఉపాధ్యాయ సంఘాలకు బాగా తెలుసు.

జీతాల పోరు మాత్రం రోడ్డెక్కుతూనే ఉంది. 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్న ఉద్యోగులు, టీచర్లకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేతన సవరణలో మూల వేతనంపై 23 శాతమే ఫిట్‌మెంట్ ఇచ్చింది. ఫిబ్రవరి 3న పోలీసు ఆంక్షలను దాటుకుని ఉద్యోగులు, టీచర్లు విజయవాడను ముంచెత్తారు. రెండు రోజులకు ఉద్యోగ సంఘాల నాయకులు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. ఫిట్‌మెంట్ కదల్లేదు, ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు.