డిగ్రీ విద్యార్థి పరిశోధన: బాపట్ల చెప్పే చరిత్ర

డిగ్రీ చదువుతూనే అధ్యాపకుల దగ్గర పరిశోధన నేర్చుకునే పద్ధతి ఎక్కడ పుట్టిందంటే చాలామంది అమెరికా వైపు చూపిస్తారు. 1969లో ఎంఐటీలో మార్గరెట్ మాక్‌వికర్ మొదలుపెట్టిన కార్యక్రమం, మన దేశంలో 1999 నాటి కేవీపీవై ఫెలోషిప్పులు, ఆపైన 2020 జాతీయ విద్యావిధానం. ఈ మూడు మెట్లతో కథ ముగిస్తారు. కృష్ణా పశ్చిమ డెల్టా అనుభవం ఆ కథలో ఇమడదు.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోనే వెలిసింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడటం, దానికి తర్వాత నిడుబ్రోలు బిడ్డ ఎన్.జి. రంగా పేరు పెట్టడం తెలిసినవే. అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: పాఠం చెప్పే గది, పరిశోధన సాగే పొలం ఒకే ఊళ్లో ఉన్నాయి.

ఆ పొలం సత్తాకు బీపీటీ 5204 సాక్ష్యం. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాలను కలిపి ఎం.వి. రెడ్డి రూపొందించిన ఈ వరి 1986లో సాంబ మసూరిగా విడుదలైంది. ఈ ఘనతను విద్యార్థుల ఖాతాలో వేయకూడదు. అది శాస్త్రవేత్తల ఏళ్ల శ్రమ. అయితే అందుకు కావలసిన పనితనం డిగ్రీ ప్రాక్టికల్స్‌లోనూ ఉంది. వరి పువ్వు విచ్చుకోకముందే కొస కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ తీసి, కంకికి బటర్ పేపర్ సంచి తొడిగి, ఆనక వేరే రకం పుప్పొడి రాల్చాలి. ఒక్క కేసరం మిగిలినా గింజ సంకరమో కాదో నమ్మకంగా చెప్పలేం. ఆ జాగ్రత్త పక్కన నిలబడి చూపించే మాస్టారు ఉంటేనే అబ్బుతుంది.

రెండో ఆధారం రావెప్, అంటే గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం. 1992 నాటి రంధావా కమిటీ సిఫారసుతో బలపడి, 2015లో స్టూడెంట్ రెడీ పథకంలో భాగమైంది. ఆఖరి ఏడాది విద్యార్థి ఒక పల్లెలో రైతుతో కలిసి పని చేస్తాడు. ఇది విస్తరణ శిక్షణే తప్ప పరిశోధన కాదనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది: మళ్లు వేసి, పోలిక ప్లాట్లు పెట్టి చేసే ప్రయోగం కాదిది. కానీ వరి మాగాణిలో మినుముకు పల్లాకు తెగులు ఒక చేలో కనిపించి పక్క చేలో ఎందుకు కనిపించలేదు? ఎవరు ఎప్పుడు విత్తారు, ఏ రకం వేశారు, తెల్లదోమ ఎంత ఉంది? ఇవన్నీ రాసుకుని, పోల్చి, మార్గదర్శి ముందు నిలబడి సమాధానం చెప్పుకోవడం పరిశోధనకు తొలి అడుగే.

రావెప్‌లోనూ లోపం లేకపోలేదు. మూస నివేదికగా మారిన చోట రైతుకు తిరిగి చేరేది ఏమీ ఉండదు.

తెనాలి, రేపల్లెల్లోని మామూలు డిగ్రీ కళాశాలలకు ఈ అవకాశం ఆలస్యంగా, అదీ ఉత్తర్వుల రూపంలో వచ్చింది. 2020-21 నుంచి రాష్ట్రం డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను, సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 2022 డిసెంబరులో యూజీసీ తెచ్చిన నాలుగేళ్ల చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికే పరిశోధనతో కూడిన ఆనర్స్. ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. ఉద్దేశం మంచిదే. అయితే మార్కుల గీత గీస్తే కుతూహలం ఉన్నవాళ్లు చాలామంది అవతలే ఆగిపోతారు. పాఠాల బరువు తగ్గించకుండా మార్గదర్శకత్వం అప్పగిస్తే ఏ అధ్యాపకుడూ న్యాయం చేయలేడు. క్రెడిట్లు పెరిగినంత మాత్రాన పరిశోధన పెరగదు.

రేపల్లె చవుడు నేలల మీద, తెనాలి కాలువల నీటి మీద రసాయనశాస్త్ర, వృక్షశాస్త్ర విద్యార్థులు చేయగలిగిన పని ఎంతో ఉంది. ప్రాజెక్టులో ఒక సంయుక్త మార్గదర్శిని బాపట్ల శాస్త్రవేత్తల నుంచి తీసుకునేలా కళాశాలల యాజమాన్యాలు, విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకోవాలి. వచ్చే సార్వాకు ముందే ఆ పని మొదలుపెట్టాలి.