పేపరు మనవైపు లేదు: కోవై, దిండిగల్ తెలుగు సీమల్లో మితవాద వ్యాఖ్యానం

దిండిగల్, పళని, మదురై, కోయంబత్తూరు (కోవై) చుట్టుపక్కల తెలుగు ఇళ్ల మీద వచ్చిన పరిశోధన వ్యాసాలు పది తిరగేస్తే తొమ్మిదింట్లో ఒకే సరుకు. విజయనగరం, విశ్వనాథ నాయకుడు, పాళెగాళ్లు, కంబళత్తు నాయకర్ల దేవరాట్టం, కమ్మవారి నల్లరేగడి పత్తి సేద్యం, ఇంటిభాషలో మిగిలిపోయిన పాత క్రియారూపాలు. అంతటితో సరి. ఆ ఇళ్లలో పొద్దున్నే ఏ పేపరు చదువుతారు, చదివి దాన్ని ఎందుకు తిడతారు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. వలస వచ్చినవాడికి చరిత్రే గానీ రాజకీయాభిప్రాయం ఉండదన్నట్టు రాసుకుపోయారు.

పత్రికలన్నీ ఒకవైపే మొగ్గాయి, మన మాట రానివ్వరు అన్న ఫిర్యాదు ఇవాళ మితవాద రాజకీయాలకు ఊపిరి. అమెరికాలో దాని వంశావళి అందరికీ కంఠతా వచ్చినదే: 1955 నవంబరులో విలియం బక్లీ ‘నేషనల్ రివ్యూ’, 1964లో గోల్డ్‌వాటర్ ఓటమి, 1969 నవంబరు 13న డెమాయిన్‌లో ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ టీవీ వార్తల మీద విరుచుకుపడ్డ ప్రసంగం, ప్రసారాల్లో భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ 1987లో రద్దు, మరుసటి ఏడు దేశమంతా రష్ లింబా రేడియో, 1996లో ఫాక్స్ న్యూస్. మన దేశంలో ఎవరైనా ఆ ఫిర్యాదు ఎత్తితే, అది అక్కణ్ణుంచి దిగుమతైన మాటేనని తేల్చేయడం రివాజైంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తీర్పు నిలవదు.

‘నేషనల్ రివ్యూ’ పుట్టి ఏడాది తిరక్కుండానే, 1956లో, మద్రాసులో ‘స్వరాజ్య’ ఆంగ్ల వారపత్రిక మొదలైంది. సారథి ఖాసా సుబ్బారావు, నెల్లూరు మనిషి. ప్రకాశం పంతులు దినపత్రికలో పనిచేసి, శాసనోల్లంఘనలో లాఠీదెబ్బలు తిన్నవారు. 1946లో ‘స్వతంత్ర’ ఆంగ్ల వారపత్రిక పెట్టిందీ ఆయనే. దాని తోబుట్టువు ‘తెలుగు స్వతంత్ర’ గోరా శాస్త్రి చేతిమీదుగా ఎంతమందిని రచయితలను చేసిందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. ‘స్వరాజ్య’కు రాజాజీ అండ, కలం రెండూ దొరికాయి. తర్వాత దాని సంపాదకత్వం ఫిలిప్ స్ప్రాట్ దగ్గరికి చేరింది. మీరట్ కుట్ర కేసులో జైలుకు వెళ్లిన కమ్యూనిస్టు, చివరికి కమ్యూనిజానికి బద్ధవైరి. అక్కడ బక్లీ పక్కన ఉన్న జేమ్స్ బర్న్‌హామ్, ఫ్రాంక్ మేయర్ కూడా ఒకప్పటి ఎర్రజెండావాళ్లే. ఒకరు మరొకరిని చూసి కాపీ కొట్టారనడానికి ఆధారం లేదు. రెండు చోట్లా అదే విరుగుడు విడివిడిగా తయారైంది.

ఇక్కడే హొవార్డ్ ఎర్డ్‌మన్‌తో పేచీ. స్వతంత్ర పార్టీ మీద 1967లో వచ్చిన ఆయన పుస్తకం, భారతీయ మితవాదం మీద రాసేవాళ్లందరికీ నేటికీ తొలి మజిలీ. శ్రమకు వంక పెట్టలేం. కానీ ఆయన తూకం సంస్థానాధీశులు, షావుకార్లు, కులాల పొత్తులు, గెలిచిన సీట్లు. 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూర్‌లో సహకార సేద్యం తీర్మానం చేసింది, జూన్ 4న మద్రాసులో కొత్త పార్టీ ప్రకటన వెలువడింది, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా దానికి అధ్యక్షుడయ్యారు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44. ఈ లెక్కలు సరైనవే. అయితే పార్టీకి మూడేళ్ల ముందే పత్రిక ఉంది. కాంగ్రెసును ఎదిరించే మాట ముందు అచ్చులో పడి, ఆ తర్వాతే ఎన్నికల గుర్తు వెతుక్కుంది. ఎర్డ్‌మన్‌కు పత్రిక పార్టీ తోకలా కనబడింది. నిజానికి తల అదే.

పత్రికే తల అయితే, దాని ఫిర్యాదు ఏమిటో నిదానంగా చూడాలి. అమెరికన్ మితవాది కోపం స్టూడియోలో కూర్చున్న మనిషి మీద: వాడి చదువు, వాడి ఊరు, కనుబొమ ఎగరేసే తీరు. మన మితవాది కోపం కాగితం మీద. ఇందుకు ‘సకాల్’ కేసును మించిన సాక్ష్యం లేదు. పుణె నుంచి వచ్చే ఆ మరాఠీ దినపత్రిక వెల 7 నయా పైసలు, వారానికి 34 పేజీలు, చలామణీ 52,000 ప్రతులు. 1956 చట్టం కింద 1960లో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది: ఇన్ని పేజీలకు ఇంత ధర, అంతకు తగ్గించడానికి వీల్లేదు. ఆ పట్టిక ప్రకారం 7 పైసలకు వారానికి 24 పేజీలే. పాత 34 పేజీలు ఇవ్వాలంటే ధర పెంచాలి. పెంచితే పాఠకుడు పోతాడు, తగ్గిస్తే వార్త పోతుంది. ప్రకటనల జాగాకూ కట్టుబాట్లు పెట్టే అధికారాన్ని ఆ చట్టమే ప్రభుత్వం చేతికిచ్చింది.

ప్రభుత్వం చెప్పిన కారణం వినసొంపుగానే ఉంది: పెద్ద పత్రికలు చిన్నవాటిని మింగేస్తున్నాయి, పోటీ సమానం చేయాలి. 1961 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. ఒక పత్రిక చలామణీని తగ్గించడమంటే భావప్రకటనను నేరుగా తగ్గించడమేననీ, ప్రజాహితం పేరుతో ఆ పని కుదరదనీ తీర్పు సారం. పదకొండేళ్ల తర్వాత అదే కథ మళ్లీ: 1972-73 న్యూస్‌ప్రింట్ విధానం దినపత్రికలకు 10 పేజీల హద్దు గీసింది, బెనెట్ కోల్‌మన్ కేసులో అదీ పోయింది. ఎమర్జెన్సీలో మినూ మసానీ ‘ఫ్రీడమ్ ఫస్ట్’ సెన్సారు మీద బొంబాయి హైకోర్టుకెక్కి గెలిచింది. పర్మిట్లు, లైసెన్సులు, కోటాల రాజ్యమని రాజాజీ ఎత్తిపొడిచినది ఒక్క మిల్లులను చూసి కాదు. ముద్రణాలయం గుమ్మంలోనూ ఆ మూడూ నిలబడే ఉన్నాయి. పత్రికల పక్షపాతం అనేది మన దేశంలో ముందు కాగితపు రీళ్ల లెక్క, తర్వాతే అభిప్రాయం సంగతి.

రేడియో మాట సరేసరి. ఆగ్న్యూ టీవీ సంస్థలను ఉతికేసిన ప్రసంగాన్ని ఆ సంస్థలే ప్రత్యక్షంగా ప్రసారం చేశాయి. పాపం ఆయన ఫిర్యాదుకు అంతకన్నా జవాబేముంది? ఇక్కడ ఆకాశవాణిలో పార్టీలకు ఎన్నికల ప్రసంగాల వేళ దొరికింది 1977లో. స్వతంత్ర పార్టీ 1974లోనే భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఇప్పుడు దిండిగల్ సంగతి. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. పశ్చిమ, దక్షిణ జిల్లాల పాత కాపురాలవాళ్లలో అధికభాగానికి తెలుగు లిపి రాదు. అమ్మతో తెలుగు, అంగట్లో తమిళం, చేతిలో తమిళ పేపరు. కాబట్టి ‘తెలుగు స్వతంత్ర’ మద్రాసు దాటి ఉత్తరానికి బెజవాడ దాకా వెళ్లింది గానీ దక్షిణానికి దిండిగల్ దాకా రాలేదు. ఖాసా తరహా వ్యాఖ్యానం ఈ ఇళ్లకు చేరింది రెండు దారుల్లో: మిల్లు యజమానుల ఇళ్లకు ఇంగ్లీషులో, మిగతావాళ్లకు తమిళంలో. రాజాజీ రామాయణాన్ని ధారావాహికగా వేసిన ‘కల్కి’ని అరుగు మీద గట్టిగా చదివితే వినే ఇల్లు, ఆయన రాజకీయాన్నీ చెవిన వేసుకోకుండా ఉంటుందా? 1970 సంక్రాంతికి చో రామస్వామి తమిళ పత్రిక ‘తుగ్లక్’ పెట్టారు. 1971లో సేలంలో పెరియార్ బృందం తీసిన ఊరేగింపు బొమ్మలు వేసినందుకు డీఎంకే ప్రభుత్వం ఆ సంచికలను జప్తు చేసింది. పక్షపాతం అన్న మాటకు ఈ ప్రాంతంలో పోలీసు రూపం కనబడింది అప్పుడే.

వినడానికి సిద్ధంగా ఉన్న చెవి కూడా ముందే తయారైంది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో బయల్దేరారు. పళని నేడు దిండిగల్ జిల్లాలోదే. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సు, 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ, ముప్ఫైల్లో పైకారా కరెంటుతో వరసగా లేచిన నూలు మిల్లులు. నూలుకు, యంత్రానికి, బస్సు రూటుకు ఏదో ఒక ఆఫీసులో కాగితం కోసం నిలబడ్డ మనిషికి, పేపరువాడూ అదే వరసలో నిలబడ్డాడని చెప్పనక్కర్లేదు. 1972లో మదురైలో టీవీఎస్ బస్సులు పాండియన్ రోడ్‌వేస్‌గా, కోవైలో ప్రైవేటు రూట్లు చేరన్ రవాణాగా మారినప్పుడు ఆ అనుమానం స్థిరపడింది. ఈరోడ్ నాయకర్ల ఇంట్లోంచే పెరియార్ 1925లో ‘కుడి అరసు’ పెట్టారనీ, కోవై మిల్లు కార్మికులను కూడగట్టిన ఎన్.జి. రామస్వామి నాయుడేననీ గుర్తుచేసేవారున్నారు. నిజమే, ఈ ఇళ్లన్నీ ఒకవైపే మొగ్గలేదు.

ఆ మాటకొస్తే ఈ ఫిర్యాదు వయసు ఇంకా ఎక్కువ. 1916 చివర బ్రాహ్మణేతర ప్రకటన వెలువరించిన పిట్టి త్యాగరాయ చెట్టి బృందానికి, మద్రాసు పత్రికలు తమ మాట రాయవన్న కోపం తక్కువేమీ కాదు. 1917 ఫిబ్రవరిలో ఇంగ్లీషులో ‘జస్టిస్’, దానికి తోడు తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ ఆ పార్టీ గొంతులయ్యాయి. పత్రిక మనవైపు లేకపోతే మనమే పత్రిక పెట్టాలన్న సూత్రం, బక్లీ పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందే దక్షిణాదిలో తెలుగువాళ్లు అమలు చేసి చూపారు. దాని నుంచే ఖాసా, ఆయన నుంచే నేటి మితవాద వ్యాఖ్యానమంతా అనలేం గానీ, ఈ ఫిర్యాదు దిగుమతి సరుకు కాదన్న మాట మాత్రం నిలుస్తుంది.

1980లో ఆగిపోయిన ‘స్వరాజ్య’ను 2014లో వెబ్‌లో, 2015 జనవరి నుంచి మాసపత్రికగా మళ్లీ తెచ్చింది కోయంబత్తూరుకు చెందిన కోవై మీడియా.  పాత పేరుతో వచ్చిన కొత్త పత్రికలో ఫిర్యాదు మాత్రం మారింది. ఢిల్లీ ఇంగ్లీషు విలేఖరులు, టీవీ యాంకర్లు, విశ్వవిద్యాలయాల ఉదారవాదులు అంటూ దాడి అంతా మనుషుల మీదే, అచ్చం ఆగ్న్యూ దారి. న్యూస్‌ప్రింట్ కోటా పోయి చాలాకాలమైంది గనక కాగితం మాట రాకపోవడంలో వింత లేదు. సర్కారు ప్రకటనలు ఏ పత్రికకు ఎంత పడుతున్నాయన్న లెక్క మాత్రం కోటా వారసత్వమే. అధికారంలో మనవాళ్లు ఉన్నప్పుడు ఆ లెక్క తీయడానికి రాజాజీ అయితే వెనకాడేవారు కాదు.