మంచుకి మైల

మా సింగరాయకొండలో కొండ చిన్నదే. పైన వరాహ లక్ష్మీనరసింహస్వామి. సింగరాయడంటే నరసింహుడే కాబట్టి ఊరి పేరులో దేవుడూ కొండా రెండూ ఉన్నాయి. అందుకేనేమో, కొండలకి సైన్యాధికారుల పేర్లు పెట్టడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఉద్యోగం మీద అరిజోనాలో ఉన్నప్పుడు చూసిన హంఫ్రీస్ పీక్ అలాంటిదే. కింద ఫీనిక్స్‌లో ఎడారి. కారులో రెండు గంటల పైచిలుకు ఉత్తరానికి వెళ్తే ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర 3,851 మీటర్ల శిఖరం, మీద మంచు. ఆండ్రూ హంఫ్రీస్ అమెరికా సైన్యంలో ఇంజనీరు, జనరల్. ఆ వరుస మొత్తానికి శాన్‌ఫ్రాన్సిస్కో పీక్స్ అన్న పేరేమో స్పానిష్ సన్యాసుల చలవ. వాళ్ళకన్నా ముందునుంచీ అక్కడున్న హోపీల భాషలో దాని పేరుకి అర్థం, నెత్తిన మంచున్న చోటు. వానలు తెచ్చే కచినలు ఉండేది అక్కడే. నవహోలకి అది తమ నేలకి పడమటి హద్దు.

అదొక చల్లారిన అగ్నిపర్వతం. పక్కనే సన్‌సెట్ క్రేటర్ మాత్రం 1085 ప్రాంతంలో పేలింది. అప్పటికి నన్నయ భారతం మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలే. పొలాలు బూడిద కింద పడి జనం వలసపోయారు.

ఆ కొండ వాలు మీద 1938 నుంచీ స్కీయింగ్ నడుస్తోంది. కొన్నేళ్ళు మంచు సరిగా పడదు. 2005లో, ఫ్లాగ్‌స్టాఫ్ మురుగునీటిని శుద్ధి చేసి దాంతో కృత్రిమ మంచు కురిపించుకోవచ్చని అటవీశాఖ ఒప్పుకుంది. తెగలు కోర్టుకెళ్ళాయి. 2007లో ముగ్గురు జడ్జీలు తెగల పక్షాన నిలిచారు. 2008లో విస్తృత ధర్మాసనం 8–3తో దాన్ని తిరగేసింది. మొక్కలు చావవు, పూజకి ఎవరూ అడ్డు రారు, దెబ్బతినేది మనసులో భావం మాత్రమే, అది చట్టం చెప్పే పెనుభారం కాదు. తీర్పు సారాంశం అదీ. 2009లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

ఇంజనీరుగా నాకు మొదట ఆ తీర్పు సబబే అనిపించింది. శుద్ధిచేసిన నీళ్ళే కదా! పైగా మైల అనే మాటంటే నాకు పడదు. ఆ మాట అడ్డంపెట్టే మన దగ్గర మనుషుల్ని గుడి గడప తొక్కనివ్వలేదు. కానీ హోపీలు ఎవర్నీ కొండెక్కొద్దనలేదు. నీళ్ళ సంగతే అడిగారు. అవే నీళ్ళతో మా కొండ మీద స్వామికి అభిషేకం చేస్తామంటే, ల్యాబ్ రిపోర్టు చూపించి మా అమ్మని ఒప్పించగలనా? ఆమెకి కలిగేది ఉత్త భావమేనని ఏ జడ్జీ అయినా మన దగ్గర రాయగలడా? అక్కడ రాయగలిగారంటే, ఆ దేవుళ్ళు ఓడిపోయినవాళ్ళ దేవుళ్ళు కాబట్టే అని నా అనుమానం.

2012 డిసెంబరులో యంత్రాలు మొదలయ్యాయి. తొలి రోజుల్లో మంచు పసుపుపచ్చగా పడింది. కొత్త పరికరాల్లో తుప్పు అని యాజమాన్యం చెప్పింది.