చిల్లకల్లు పరిసరాలు: భూకంప ప్రమాద అంచనా

జగ్గయ్యపేట, చిల్లకల్లు, నందిగామల కింద ఉన్నది ద్వీపకల్పపు అతి పురాతన శిల. ఇక్కడి భ్రంశాలు (శిలలు పగిలి జారే చోట్లు) ఒకసారి కదిలాక మళ్లీ కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి వందేళ్ల రికార్డు చూసి ధీమా పడకూడదు. 1993లో లాతూరు భూకంపం ఆ సంగతి ఘోరంగా చూపింది. 2020 జనవరి 26 తెల్లవారుజామున ఈ ప్రాంతానికి సమీపంలోని పులిచింతల దగ్గర సుమారు 4.6 తీవ్రతతో భూమి కంపించడంతో జనం వీధుల్లోకి పరుగెత్తారు. అంతకు ముందూ చిన్న ప్రకంపనలు వచ్చాయి.

అంచనాకు ప్రకంపనలను నమోదు చేసే సీస్మోగ్రాఫులు మాత్రమే చాలవు. భ్రంశానికి అడ్డంగా కందకం తవ్వి, తెగిన మట్టిపొర ఎంత జారిందో కొలవాలి. ఆ పొర వయసునూ, దానిపైన తెగకుండా మిగిలిన పొర వయసునూ తేల్చాలి. ఆ రెండు పొరల వయసుల మధ్యకాలంలోనే భూకంపం వచ్చిందన్నమాట. అయితే నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి ఈ జాడలను చెరిపేస్తుంది. సీస్మోగ్రాఫుల్లో నమోదయ్యే సున్నపురాయి క్వారీల పేలుళ్లనూ లెక్కలోంచి వేరుచేయాలి.