కాళేశ్వర యాత్ర: దారి, బస
జనగామ, మహబూబాబాద్ ప్రాంతాలకు రైలు ముందే వచ్చింది. 1889 నాటికి నిజాం రైలుమార్గం బెజవాడ చేరింది. కాళేశ్వరం ఉన్న భూపాలపల్లి జిల్లాకు మాత్రం నేటికీ రోడ్డే దిక్కు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా మొదలుపెట్టింది. బస్సులు పల్లెలకు పాకేకొద్దీ ఎడ్లబండి యాత్రలు తగ్గాయి. కాళేశ్వరం చేరాక సత్రంలో చోటు దొరకనివారికి చెట్టు నీడే బస, మూడురాళ్ల పొయ్యే వంటిల్లు.

కాళేశ్వరంలో కొత్తవారిని నిలబెట్టేసే విశేషం ఒకే పానవట్టంపై రెండు లింగాలు: కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన నీరు గోదావరి, ప్రాణహిత సంగమం చేరుతుందని భక్తుల నమ్మకం.

పుష్కరాల వేళ ఉన్న గదులు చాలవు. 2025 మేలో సరస్వతి పుష్కరాలకు ఇక్కడ టెంట్ సిటీ వేశారు. యాత్రికులకు శాశ్వత వసతి ఇంకా పెరగాలి.