నల్లగొండ ఎముకలు, మెడలోని గ్రంథులు

మెడ ముందుభాగమున అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, కలదని విద్యార్థులకు తెలిసినదే. అది మితిమీరి పనిచేసినచో గుండెదడ, చేతుల వణకు, ఎంత తిన్నను చిక్కిపోవుట కలుగును. ఎక్కువమందిలో ఇందుకు కారణము రక్తమునందలి ప్రతిరక్షకములు ఆ గ్రంథిని ఉసికొల్పుటయో, గ్రంథిలోనే గడ్డలు పుట్టుటయో అయియుండును. కాని మిక్కిలి అరుదుగా, తల లోపలి పీయూష గ్రంథిలో చిన్న కంతి పుట్టి, అక్కర లేకున్నను థైరాయిడ్‌నకు ప్రేరక హార్మోనును పంపుచుండును. అట్టి రోగికి మెడ కోసి థైరాయిడ్‌ను తీసివేసినను కంతి తలలోనే మిగిలియుండును. ఆజ్ఞ ఎక్కడినుండి వచ్చుచున్నదని వైద్యుడు ముందుగా విచారింపవలెను.

ఇట్టి విచారణయే నల్లగొండ జిల్లాలో మరియొక గ్రంథి విషయమున జరిగినది.

థైరాయిడ్ వెనుక బియ్యపుగింజలవంటి గ్రంథులు సాధారణముగా నాలుగు ఉండును. వీనికి పారాథైరాయిడ్ గ్రంథులని పేరు. స్వీడను దేశమున ఉప్సాలాలో వైద్యవిద్యార్థిగా నుండగా ఐవర్ సాండ్‌స్ట్రామ్ వీనిని కనుగొని 1880లో వర్ణించెను. రక్తములో కాల్షియం తగ్గినప్పుడు ఇవి హార్మోనును విడుదల చేసి, ఎముకలనుండి కాల్షియమును రప్పించును. ఎముకలు మెత్తబడిన రోగులలో ఈ గ్రంథులు పెరిగియుండుట చూచి, వియన్నాలో ఎర్డ్‌హైమ్ అను వైద్యుడు 1907లో, ఎముకల లోటును తీర్చుటకే అవి పెరిగినవని తలచెను. ఆ మాట నమ్మి 1925లో ఫెలిక్స్ మాండ్ల్, ఎముకలు పెళుసెక్కిన ఒక ట్రామ్ కండక్టరునకు పారాథైరాయిడ్ కణజాలమును అంటుపెట్టెను. ఫలము లేకపోయెను. పిమ్మట మెడ తెరచి చూడగా ఒక గ్రంథిపై కంతి కనబడెను. దానిని తీసివేయగా రోగి కోలుకొనెను. ఇచ్చట దొంగ గ్రంథియే! నాటినుండి వైద్యులు ఈ గ్రంథిని అనుమానముతో చూడసాగిరి.

ఇక మన వైపు వత్తము. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో నేల క్రింద గ్రానైటు శిల విస్తరించియున్నది. అందలి ఖనిజములనుండి ఫ్లోరైడు కరగి, పలుచోట్ల బావినీటిలో చేరును. మనదేశమున ఫ్లోరోసిస్ 1937లో మొదట నెల్లూరు జిల్లానుండి వర్ణింపబడినది. నల్లగొండ రోగులనుగూర్చి ఎ. హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. వెన్నెముక కొయ్యబారి, నడుము వంగనిరాని పెద్దలు ఆ రోగులు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగార్లు వేరొక రూపమును లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. ఎదుగు వయస్సు పిల్లలకు మోకాళ్ళు ఒకదానికొకటి ఒరిగి, పాదములు ఎడమైపోవుచుండెను. వెన్ను గట్టిపడుచుండగా కాలిఎముకలు పలుచబడుచుండెను. ఒకే దేహములో ఈ వైపరీత్యమేమి?

1976లో అదే సంస్థవారు రేడియో ఇమ్యునో పరీక్షతో ఇట్టి రోగుల రక్తమును పరీక్షించి, పారాథైరాయిడ్ హార్మోను హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. మరి మాండ్ల్ చేసినట్లు గ్రంథిని తీసివేయవలసినదేనా? తొందరపడరాదు. ఫ్లోరైడు ఎముకలో చేరి అందలి ఖనిజమును సులభముగా కరగనీయదు. పైగా క్రొత్త ఎముకను పేర్పించి కాల్షియమును అందులో బంధించును. పాలు, పెరుగు కొరవడిన ఇంటి పిల్లలకు తిండిలో కాల్షియం చాలదు. రక్తములో అది పడిపోకుండ నిలుపుటకు గ్రంథి హార్మోనును పెంచును; ఆ అప్పు కాలిఎముకలనుండి తీరును. ఎర్డ్‌హైమ్ మాట వియన్నా కండక్టరు విషయమున తప్పినను నల్లగొండలో నిజమైనది.

కావున ఇచ్చట చికిత్స కత్తితో కాదు, కడవతో మొదలు కావలెను. ఫ్లోరైడు తక్కువగల నీరు, కాల్షియం, డి విటమిను కావలెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 దశకమున పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు ఉపాయమును రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలమును గొట్టములద్వారా పల్లెలకు తెచ్చినది. క్రొత్త నీరు క్రొత్త పిల్లలను కాపాడగలదు. బాల్యములో మోకాళ్ళు ఒరిగి ఎదిగినవారి ఎముకలు మాత్రము నీటితో సరికావు. కొందరికి శస్త్రచికిత్సతో కాలు నిటారు చేయవచ్చును.