ఒక్క గోలుకి యాభై ఏళ్ళ శిక్ష

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఉంటారు కదండీ, అందులో పదిమందికి తప్పు చేసే వెసులుబాటు ఉంటుంది. ఫార్వర్డ్ ఐదుసార్లు గోలు తప్పించి ఆరోసారి కొడితే హీరో. గోల్‌కీపర్ ఐదు ఆపి ఆరోది వదిలితే మర్నాడు పేపర్లో ఫోటో ఆయనదే. మన భాషలో చెప్పాలంటే ఆయనది ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం. ఏడాదంతా సర్వర్ నడిస్తే నడిపినవాడి పేరు ఎవరికీ తెలీదు. ఒక్క రాత్రి పడిపోతే మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో క్లయింటుతో సహా అందరికీ తెలుస్తుంది.

ఈ ఉద్యోగంలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న మనిషి పేరు మొవసీర్ బార్బోసా. బ్రెజిల్ దేశస్థుడు. ఇరవై ఏళ్ళు ఆడాడు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒక్క క్షణం. 1950 జులై 16, మరకానా స్టేడియం, 79వ నిమిషం.

ముందు ఆ క్షణానికి ముందున్న కథ చెప్పుకుందాం, ఎందుకంటే దాన్ని ఎవరూ చెప్పరు.

బార్బోసా 1921లో కంపీనాస్ అనే ఊళ్ళో పుట్టాడు. మొదట్లో ఆడింది ఫార్వర్డ్‌గా, తర్వాత గోల్లోకి వచ్చాడు. సావో పావ్లోలోని ఇపిరంగా క్లబ్బులో పేరు తెచ్చుకుని 1945లో రియోలోని వాస్కో డ గామా క్లబ్బులో చేరాడు. (అవును, మన కాలికట్‌కి వచ్చిన ఆ వాస్కో డ గామా పేరే. పోర్చుగీసు వలసదారులు పెట్టుకున్న క్లబ్బు అది.) ఈ క్లబ్బుకి ఒక చరిత్ర ఉంది. 1923లో నల్లవాళ్ళూ పేదవాళ్ళూ ఉన్న జట్టుతో రియో ఛాంపియన్‌షిప్ గెలిచింది. పెద్దింటి క్లబ్బులకి అది నచ్చలేదు. మా లీగులో ఉండాలంటే ఈ పన్నెండు మందినీ తీసెయ్యండి అన్నారు. 1924 ఏప్రిల్ 7న క్లబ్ అధ్యక్షుడు ఉత్తరం రాశాడు, తియ్యం, మీ లీగూ మాకొద్దు అని. బ్రెజిల్‌లో ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తేదీ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అలాంటి క్లబ్బులో నల్లజాతి గోల్‌కీపర్ బార్బోసా. చేతులకి గ్లోవ్స్ లేకుండా ఆడేవాడు. 1940లలో వాస్కో జట్టుని 'విజయాల ఎక్స్‌ప్రెస్' అనేవారు, దానికి గోలు కాసింది ఈయనే. 1945, 47, 49, 50, 52 సంవత్సరాల్లో రియో ఛాంపియన్‌షిప్పులు. 1948లో చిలీ వెళ్ళి దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ గెలిచారు. డి స్టెఫానో లాంటి వాళ్ళున్న రివర్ ప్లేట్‌ని ఒక్క గోలూ కొట్టనివ్వకుండా 0-0 దగ్గర ఆపి మరీ గెలిచారు. 1949లో దేశం తరఫున దక్షిణ అమెరికా కప్పు. చివరి మ్యాచ్‌లో పరాగ్వే మీద 7-0. ఆ రోజుల్లో ప్రపంచంలో ఉన్న గొప్ప కీపర్ల లిస్టు ఎవరు రాసినా ఈయన పేరు ఉండాల్సిందే.

ఇక 1950. యుద్ధం తర్వాత మొదటి ప్రపంచకప్పు. యూరప్ శిథిలాల్లో ఉంది కాబట్టి బ్రెజిల్ నిర్వహించింది. రెండేళ్ళలో మరకానా కట్టారు, జూన్ 16న తెరిచారు. సరిగ్గా నెల తర్వాత అందులోనే ఆఖరి మ్యాచ్. అన్నట్టు ఆ కప్పుకి మన దేశం కూడా అర్హత సాధించింది. ఆసియాలో మిగతా జట్లు తప్పుకోవడంతో మనకి చోటు దొరికింది, తర్వాత మనమూ తప్పుకున్నాం. బూట్లు లేకుండా ఆడనివ్వరు కాబట్టి వెళ్ళలేదని చిన్నప్పట్నించీ వింటున్న కథ అంత నమ్మదగ్గది కాదు. అప్పటి మనవాళ్ళకి ఒలింపిక్స్ ముఖ్యం, ప్రపంచకప్పు కాదు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఆ కప్పులో నిజానికి 'ఫైనల్' అనేదే లేదు. నాలుగు జట్ల చివరి గ్రూపు పెట్టారు. బ్రెజిల్ స్వీడన్ని 7-1తో, స్పెయిన్ని 6-1తో చితక్కొట్టింది. ఉరుగ్వే స్పెయిన్‌తో డ్రా చేసుకుని, స్వీడన్ మీద 3-2తో గట్టెక్కింది. ఇద్దరికీ ఆఖరి మ్యాచ్ మిగిలింది. బ్రెజిల్‌కి డ్రా చాలు. ఆ ముందు ఐదు మ్యాచుల్లో బ్రెజిల్ కొట్టిన గోల్స్ 21, బార్బోసా ఇచ్చినవి 4.

ఇంక ఆగుతారా! ఓ పేపరు మ్యాచ్ కాకముందే జట్టు ఫోటో వేసి ప్రపంచ ఛాంపియన్లు వీళ్ళే అని రాసేసింది. మ్యాచ్‌కి ముందు మేయరు మైకందుకుని ఆటగాళ్ళని విజేతలుగా సంబోధిస్తూ ప్రసంగించాడు. అది ఎన్నికల సంవత్సరం కూడాను, జట్టు బసకి నాయకుల తాకిడి. యూఏటీ కాకముందే రిలీజ్ పార్టీకి కేక్ ఆర్డర్ చేసేసినట్టు! టిక్కెట్ కొని లోపలికొచ్చిన వాళ్ళే 1,73,850 మంది. మొత్తం రెండు లక్షలకి దగ్గర్లో ఉంటారని అంచనా. రియో జనాభాయే అప్పటికి 24 లక్షలు దాటలేదు.

రెండో సగం మొదట్లోనే, 47వ నిమిషంలో ఫ్రియాసా బ్రెజిల్‌కి గోలు కొట్టాడు. ఊరు ఊరంతా ఊగిపోయింది. 66వ నిమిషంలో ఉరుగ్వే కుడివైపు వింగర్ గిజ్జియా బంతితో దూసుకొచ్చి, ఎడమ వైపు కాచుకునే బిగోడెని దాటేసి మధ్యలోకి పాస్ ఇస్తే స్కియాఫినో గోలు చేశాడు. 1-1. అయినా కప్పు బ్రెజిల్‌దే, డ్రా చాలు కాబట్టి.

79వ నిమిషం. మళ్ళీ అదే గిజ్జియా, అదే కుడివైపు, మళ్ళీ బిగోడె వెనకబడ్డాడు. అడ్డు రావాల్సిన జువెనాల్ సమయానికి చేరుకోలేదు. బార్బోసా ఏం చెయ్యాలి? పదమూడు నిమిషాల క్రితం ఇదే మనిషి, ఇదే చోటు నుంచి మధ్యలోకి పాస్ ఇచ్చి గోలు చేయించాడు. ఈసారీ మధ్యలో ఉరుగ్వే వాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. పాస్ అందుకోడానికి బార్బోసా ఒక అడుగు ముందుకేశాడు. గిజ్జియా పాస్ ఇవ్వలేదు. కీపర్‌కీ దగ్గరి స్తంభానికీ మధ్య ఏర్పడిన ఆ సందులోంచి నేల బారుగా కొట్టేశాడు. బార్బోసా వెనక్కి దూకాడు. బంతి తన చేతికి తగిలి బయటికి పోయిందనే అనుకున్నాడట. స్టేడియం నిశ్శబ్దంగా ఉండటం విని, అప్పుడు తిరిగి చూశాడట.

ఉరుగ్వే 2, బ్రెజిల్ 1. కప్పు ఇవ్వడానికి ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే పోర్చుగీసులో ప్రసంగం తయారు చేసుకుని వచ్చాడు. పాపం, ఆ గందరగోళంలో ప్రసంగమూ లేదు, వేడుకా లేదు. ఉరుగ్వే కెప్టెన్ వరేలాని వెతుక్కుని కప్పు చేతిలో పెట్టేశాడు. మరకానాని నోరు మూయించింది ముగ్గురే, పోపు, ఫ్రాంక్ సినాత్రా, నేను అని గిజ్జియా తర్వాత్తర్వాత జోకేసేవాడు.

ఇప్పుడు మన వృత్తి పని చేద్దాం. రూట్ కాజ్ అనాలిసిస్.

ఒకటి, బార్బోసా నిర్ణయం తప్పా? ఆ క్షణాన ఆయన దగ్గరున్న సమాచారంతో చూస్తే తప్పు కాదు. పదమూడు నిమిషాల క్రితం జరిగిన అనుభవం అటే చెప్తోంది. అడుగు ముందుకెయ్యకుండా స్తంభం దగ్గరే నిలబడి ఉండి, గిజ్జియా పాసిచ్చి ఉంటే? అప్పుడూ గోలే, అప్పుడూ తిట్లే. రెండు, ఒకే వింగర్ ఒకే వైపు నుంచి రెండుసార్లు ఒకేలా చొరబడ్డాడు. మొదటి గోలు తర్వాత బిగోడెకి తోడుగా ఇంకొకణ్ణి పంపాల్సిన బాధ్యత ఎవరిది? గోల్‌కీపర్‌దైతే కాదు. కోచ్ ఫ్లావియో కోస్టా ఉన్నాడు, మైదానంలో ఇంకో పదిమంది ఉన్నారు. మూడు, డ్రా చాలిన జట్టు 1-1 దగ్గర కూడా బంతిని కాపాడుకోకుండా ఎందుకు ఆడింది? నాలుగు, ఆ ముందు రెండు మ్యాచుల్లో పదమూడు గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ లైను ఆ రోజు ఉరుగ్వే కీపర్ మాస్పొలీని ఒక్కసారే ఎందుకు దాటగలిగింది?

ఇన్ని కారణాలున్నాయి. బ్రెజిల్ మాత్రం రిపోర్టులో ఒక్క లైనే రాసుకుంది. 'బార్బోసా వదిలేశాడు.' కొంచెం దయదలిచి బిగోడె, జువెనాల్ పేర్లు కూడా కలిపింది. ముగ్గురూ నల్లవాళ్ళే. ఇది కాకతాళీయం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, నేను అనుకోను. నల్లవాళ్ళకి గుండెధైర్యం తక్కువ, కీలక సమయంలో జారిపోతారు అని ఆ తర్వాత బాహాటంగానే అన్నారు. గెలిచిన జట్టు కెప్టెన్ వరేలా కూడా నల్లజాతి మూలాలున్నవాడే, కానీ కారణం వెతికే మూడ్‌లో ఉన్నవాళ్ళకి అలాంటివి కనపడవు కదా. 1966లో మాంగా అనే ఆయన ఒక మ్యాచ్ ఆడటం మినహాయిస్తే, బ్రెజిల్ ఒక నల్లజాతి ఆటగాణ్ణి మొదటి ఎంపిక గోల్‌కీపర్‌గా ప్రపంచకప్పుకి పంపింది 2006లో, దిడాని. యాభై ఆరేళ్ళు!

ఓడిన రోజు వేసుకున్న తెల్ల చొక్కాలని కూడా వదల్లేదు. వాటిని దురదృష్టం కింద లెక్కేసి 1953లో ఓ పేపరు ద్వారా కొత్త డిజైన్‌కి పోటీ పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పసుపు చొక్కా అలా వచ్చిందే. గీసిన కుర్రాడు ఉరుగ్వే సరిహద్దు ఊరివాడు, పైగా ఉరుగ్వే అభిమాని! చొక్కాకి మార్చే అవకాశం దొరికింది. మనిషికి దొరకలేదు.

బార్బోసా దేశం తరఫున ఆ తర్వాత 1953లో ఒక్కసారి ఆడాడు, అంతే. అదే ఏడాది కాలు విరిగింది. అయినా క్లబ్బులకి ఆడుతూనే ఉన్నాడు. 1958లో వాస్కో మళ్ళీ రియో ఛాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 41వ ఏట, 1962లో రిటైరయ్యాడు. పొట్టకూటికి ఉద్యోగం చేసింది ఎక్కడనుకున్నారు? అదే మరకానాలో. పాత చెక్క గోల్‌పోస్టులు మార్చినప్పుడు అవి ఆయనకి ఇచ్చారనీ, ఇంటికి తీసుకెళ్ళి కట్టెలుగా కాల్చి స్నేహితులకి మాంసం వండిపెట్టాడనీ కథ చెప్తారు. నిజమో కాదో గానీ, నిజమైతే బావుణ్ణు.

ఇంకో సంఘటన ఆయనే చెప్పుకున్నది. 1970 ప్రాంతంలో బజారులో ఒకావిడ ఆయన్ని గుర్తుపట్టి, పక్కనున్న పిల్లాడికి చూపించి, దేశం మొత్తాన్ని ఏడిపించిన మనిషి ఇడుగో అందట. 1993లో జాతీయ జట్టు శిబిరానికి వెళ్తే ఆటగాళ్ళని కలవనివ్వలేదు, అపశకునమని. అప్పటికాయనకి 72 ఏళ్ళు. మన దేశంలో ఎంత పెద్ద నేరానికైనా ముప్ఫై ఏళ్ళే గరిష్ఠ శిక్ష, నాది యాభై దాటుతోంది అన్నాడు ఆఖరి రోజుల్లో. భార్య పోయింది, చేతిలో డబ్బు లేదు, పాత క్లబ్బు సాయంతో బతికాడు. 2000 ఏప్రిల్ 7న చనిపోయాడు. తన క్లబ్బు ఆ ఉత్తరం రాసిన రోజే, 76 ఏళ్ళ తర్వాత.

దీన్ని ఇంత సాగదీసి ఎందుకు చెప్తున్నానంటే, బ్రెజిల్ ఏదో పిచ్చి దేశం అనుకుని నవ్వుకుంటే సరిపోదు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో రాత్రి షిఫ్టులో ఉన్న జూనియర్ కుర్రాడు ఒక స్క్రిప్టు నడిపాడు, డేటా పోయింది. ఆ స్క్రిప్టు రాసింది వేరేవాళ్ళు, రివ్యూ చెయ్యంది ఇంకొకళ్ళు, బ్యాకప్ టెస్టు చెయ్యంది మరొకళ్ళు. మెయిల్లో మాత్రం పేరొచ్చింది ఆ కుర్రాడిదే. చివర్లో నిలబడ్డవాడి మీద తోసేస్తే మిగతా అందరికీ హాయి. సిస్టంలో ఏదీ మార్చక్కర్లేదు, మనిషిని మారిస్తే చాలు. నింద వెయ్యకుండా విచారణ చెయ్యాలని మన పరిశ్రమలో ఇప్పుడు చాలా కబుర్లు చెప్పుకుంటున్నాం. అప్రైజల్ దగ్గరికొచ్చేసరికి ఆ కబుర్లు ఎక్కడుంటున్నాయో మీకే తెలుసు.

ఆపినవాణ్ణి గుర్తుపెట్టుకోకపోవడం దీనికి రెండో వైపు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో మనకి బంగారు పతకం వచ్చిన మ్యాచ్‌లో గోలు కాసినవాడు పీటర్ తంగరాజ్. పుట్టింది హైదరాబాద్ సంస్థానంలోనే. పీకే బెనర్జీ పేరు, కోచ్ రహీం పేరు విన్నవాళ్ళలో కూడా ఈ పేరు విన్నవాళ్ళు ఎంతమంది?

2014 జులై 8న బ్రెజిల్ మళ్ళీ సొంతగడ్డ మీద జర్మనీ చేతిలో 7-1తో చిత్తయింది. అప్పుడు చాలామంది, ఇంక బార్బోసాకి విముక్తి వచ్చినట్టే అని రాశారు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయ్యాక! ఆ గోలు కొట్టిన గిజ్జియా 2015 జులై 16న పోయాడు, సరిగ్గా ఆ మ్యాచ్ జరిగిన అరవై ఐదేళ్ళకి, అదే తేదీన.

ఆ గోలు వీడియో యూట్యూబులో దొరుకుతుంది, కొన్ని సెకన్ల ముక్క. చూస్తే రెండుసార్లు చూడండి. మొదటిసారి అందరూ కీపర్‌నే చూస్తారు, అది సహజం. రెండోసారి మాత్రం బంతి గిజ్జియా కాళ్ళ దగ్గరున్నప్పుడు ఆయన చుట్టూ ఎవరున్నారో, ఎవరు లేరో చూడండి.